మొదటి గిన్నె ఎవరికి

పోయిన వారం దెల్ఫీనని కూరఅరటి తోట వెనకాల, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ అక్కడే ఉంది. ముందు ఆవిణ్ణి ఇంటికి తీసుకొద్దాం.

జరిగింది క్లుప్తంగా ఇదీ. చల్వయాకు ఊరి ఏటికి ఎగువన కంపెనీ నూనె గొట్టం పగిలింది. ఆ తెల్లవారుజామున ఊరంతా వయూస ఆకు కాచుకుని తాగుతూ, రాత్రి వచ్చిన కలలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అప్పుడు ఊరిపెద్ద అబ్దోన్ ఇంట్లోని వైర్‌లెస్ సెట్టు గరగరమంది. "ఏట్లో దిగొద్దు. పిల్లల్ని దిగనీయొద్దు. నూనె వస్తోంది," అని ఎవరో గొంతు మార్చి చెప్పి ఆపేశారు. అబ్దోన్ పెళ్ళాం దెల్ఫీన ఒక్క పరుగు తీసింది. మనవరాలు లూస్మీల అప్పటికే స్నానానికని మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చిపడేసింది. వాళ్ళు గట్టెక్కేలోపే ఏరు నల్లబడింది. కబురందని దిగువ ఊళ్ళో ఒక పిల్లాడు ఆ నీళ్ళు మింగాడు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోయింది. కోకా పట్నం ఆసుపత్రి దాకా తీసుకెళ్ళారు కానీ తిరిగి తెచ్చింది శవాన్నే.

ఆ కబురు చేసిందెవరో ఊళ్ళో ఎవరికీ తెలీదు, ఒక్క దెల్ఫీనకి తప్ప. అదీ పోయిన వారం, అరటితోట వెనకాలే తెలిసింది. వాడు వినీసియో. కంపెనీ పంపు స్టేషన్లో పనిచేసే కుర్రాడు, దెల్ఫీన సొంత మరిది కొడుకు. కంపెనీ రోడ్డుకి మరిది తన చేను ఇచ్చిన నాటి నుంచీ ఆ రెండిళ్ళ మధ్యా మాటల్లేవు, రాకపోకల్లేవు. అలాంటివాడు దొంగలా తోట వెనక్కి వచ్చి, "పాప బావుందా పెద్దమ్మా?" అని అడిగాడు. ఆ అడగడంలోనే, ఎంత మార్చి మాట్లాడినా వైర్‌లెస్‌లో విన్న గొంతు అదేనని ఆవిడ గుర్తుపట్టేసింది. రెండు చేతులూ ఎత్తబోతే వాడు గబుక్కున పట్టుకున్నాడు.

"నీకు పుణ్యముంటుంది పెద్దమ్మా, నాకు దండం పెట్టకు. నా పేరు ఎక్కడా ఎత్తకు. గొట్టం దానంతటది పగల్లేదు, ఎవడో కోశాడంటోంది కంపెనీ. ముందే తెలిసినవాడెవడో వాడే కోసినవాడంటోంది. నా పేరు బయటికొస్తే జైలే. నెల్వకి నెలలు నిండుతున్నాయి."

అదీ సంగతి. ఇప్పుడు కథలోకి వద్దాం.

కంపెనీవాళ్ళతో ఊరి సభ జరిగే రోజు పొద్దున్నే దెల్ఫీన ఆస్వా వడకడుతోంది. కర్రపెండలం ఉడికించి, దంచి, కొంత నమిలి కలిపి పులియబెట్టే పానీయం అది. ఇల్లాలి పరువంతా ఆ కుండలోనే ఉంటుంది. కానీ ఈసారి దుంపలు ఆవిడవి కావు. లంకలో ఆవిడ చేను మీదికి వరదతో పాటు నూనె ఎక్కింది. పీకిన ప్రతి దుంపా కిరసనాయిలు కంపు కొట్టింది. ఎగువ ఊరి ఆడవాళ్ళు, మొహం కూడా తెలియనివాళ్ళు, పడవ నిండా దుంపలు తెచ్చి ఒడ్డున దింపారు. "మీదీ ఈ ఏరే, మాదీ ఈ ఏరే. పొయ్యి మీద కుండ ఎక్కించమ్మా," అని, కనీసం కూర్చోకుండా వెళ్ళిపోయారు. వాళ్ళ కడుపులు చల్లగా ఉండాలని ఆవిడ దుంప దుంపకీ అనుకుంటూ తొక్క తీసింది.

నీళ్ళేమో వాన నీళ్ళు. అవైనా మచ్చలేనివా? అడవి మీద పగలూ రాత్రీ మండే గ్యాసు గొట్టాల మసి వాటి మీద తెట్టు కడుతుంది. పాత లంగా గుడ్డ నాలుగు మడతలేసి వడబోసుకోవాలి. అయినా ఆ మాత్రం వాన కురవబట్టి ఊరి గొంతు తడుస్తోంది. దెల్ఫీన పైకి చూసి, ఆ మబ్బుకి కూడా ఒక దండం పడేసింది. ఈ మధ్య ఆవిడకి ఇదో అలవాటైపోయింది. ఒకడికి పెట్టాల్సిన దండం లోపలే ఉండిపోతే, అది దారిన పోయేవాళ్ళందరికీ పంచిపెడుతున్నట్టుంది.

అబ్దోన్ వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. మోకాళ్ళ దాకా దద్దుర్లు. కంపెనీ ఊరి మగాళ్ళ చేతే బకెట్లతో నూనె తోడించింది, చేతికి తొడుగు లేదు, కాలికి బూటు లేదు. అంటిన నూనె వదలడానికి పెట్రోలుతో తుడుచుకోమన్నారు. తుడుచుకున్నారు. ఇప్పుడు ఊరు ఊరంతా గోక్కుంటోంది.

"ఏమే, ఇది ఆస్వానా, కుండ కడిగిన నీళ్ళా?"

"ఇష్టమైతే తాగు. లేకపోతే కంపెనీవాడిచ్చిన సీసా నీళ్ళున్నాయి, అవి తాగి సభలో గుర్రుపెట్టు."

"అబ్బో, మొదలెట్టావూ," అని నవ్వబోయి, మళ్ళీ మొహం ముడుచుకున్నాడు. "ఇవాళ వినీసియో సంగతి తేల్చేస్తారు. ఊళ్ళోంచి పేరు తీసేయాలని బర్తోలో పట్టుపట్టాడు. పేరు తీసేస్తే చేను లేదు, గూడు లేదు. సాయంత్రానికి పడవ ఎక్కించేయడమే."

"నువ్వేమంటావు?"

"నేననేదేముంది? ఆ రాత్రి స్టేషన్లో పనిలో ఉన్నది వాడే. గొట్టం పగిలితే అక్కడి మీటరు ముల్లు పడిపోతుందట, వాడికి తెలీకుండా ఉండదట. తెలిసీ నోరు కుట్టేసుకున్నాడు. తమ్ముడి కొడుకు కదా అని వెనకేసుకొస్తే ఊరు నా మొహాన ఉమ్ముతుంది."

దెల్ఫీన నోటి చివరిదాకా వచ్చింది మాట. కష్టపడి మింగేసింది. అబ్దోన్ చెడ్డవాడని కాదు, బంగారం లాంటి మనిషి. కానీ ఆ బంగారం నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికి ఊరికీ, సాయంత్రానికి కంపెనీకీ తెలిసిపోతుంది.

వంటింటి గడప మీద లూస్మీల మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆ తెల్లవారుజాము నుంచీ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. అంతకు ముందు నోరు మూయించడానికి తాయిలం పెట్టాల్సిన పిల్ల! పిలిస్తే చూస్తుంది, పెడితే రెండు ముద్దలు తింటుంది, అంతే. వాళ్ళమ్మ కోకాలో ఒక హోటల్లో వంట చేస్తుంది. ఆమెకింకా చెప్పలేదు, చెప్పడానికి దెల్ఫీనకి ధైర్యం చాలలేదు. మంత్రగాడు పొగాకు పొగ ఊదాడు. నర్సమ్మ చుక్కల మందిచ్చింది. ఇద్దరూ బెదురే అన్నారు.

దెల్ఫీనకి మాత్రం వేరే లెక్క ఉంది. చల్వయాకులో ప్రాణం కాపాడినవాడికి వట్టి మాటతో మేలు చెప్పరు. దక్కిన ప్రాణం ఎవరిదో వాళ్ళే ఆస్వా గిన్నెలో ముందు ఒక గుక్క తాగి, ఆ ఎంగిలి గిన్నెని తమ చేతులతో, నలుగురి ముందూ అతనికివ్వాలి. అతిథి కంటే ముందు, పెద్దల కంటే ముందు. చెప్పకుండా దాచుకున్న మేలు దక్కిన ప్రాణానికే చేటని దెల్ఫీనకి వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. పిల్ల మాట తిరిగి రాకపోవడానికి కారణం తన మూసిన నోరేనని దెల్ఫీన గట్టిగా నమ్మింది. నమ్మకపోతే ఆవిడ దెల్ఫీన ఎలా అవుతుంది?

ఇటు చూస్తే పిల్ల. అటు చూస్తే పిల్ల ప్రాణం నిలబెట్టినవాడు. మేలు చెబితే వాడు జైలుకి, చెప్పకపోతే వాడు ఊరి బయటికి. "భగవంతుడా, నాకు మేలు చేసి నా చేతులెందుకు కట్టేశావు?" అని కుండ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

కంపెనీ మోటారు పడవ పొద్దెక్కాక వచ్చింది. ముందు దిగింది ఫౌస్తో. ఊళ్ళవాళ్ళతో మంచి చేసుకోవడమే ఉద్యోగంగా పన్నెండేళ్ళుగా ఈ ఏటి మీద తిరుగుతున్న కంపెనీ మనిషి. అంబాతో కొండల్లో పుట్టినా ఇక్కడి భాష నీళ్ళలా మాట్లాడతాడు. లూస్మీల బాప్తిస్మం నాడు పిల్లని చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి కూడా అతనే. అప్పట్నుంచీ దెల్ఫీనకి అతను కొంపాద్రే, అతనికి ఆవిడ కొమాద్రే. అన్నదమ్ములతోనైనా తగువు పడొచ్చు కానీ ఆ వరసతో పడకూడదు.

"కొమాద్రే! ఏంటిలా చిక్కిపోయారు? మా కొంపాద్రే తిండి పెట్టడం లేదా?"

"ఏం తినమంటారు? చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి మీ నూనెలో ఈదుతున్నాయి, పట్టుకెళ్ళి మీరే వేయించుకోండి."

ఫౌస్తో నవ్వు సగంలో ఆగిపోయింది. వెనకాల పడవ దిగుతున్న పెద్దమనిషిని చూపించి గొంతు తగ్గించాడు. "ఆయన ఇంజినీరు కర్వహాల్. రాజధాని కీతో నుంచి వచ్చారు. ఈ భాష ముక్క కూడా రాదు. నేను తర్జుమా చెయ్యాలి. కొంచెం..." అని, గడప మీద పిల్లని చూసి అటు వెళ్ళాడు. "ఏం తల్లీ, అలిగావా నా మీద? ముద్దివ్వవా?"

లూస్మీల చూసింది, అంతే.

"దానికి మాట పోయింది కొంపాద్రే," అంది దెల్ఫీన. "నూనె వచ్చిన రోజు ఏట్లో ఉంది. మోకాళ్ళ దాకా."

అతని మొహంలో రంగు పోయింది. "నాకెవరూ చెప్పలేదే!"

"అడగడానికి మీరొచ్చారా? మీకంటే ముందు, సాయమంటూ మీ చేప డబ్బాలొచ్చాయి."

ఫౌస్తో అలాగే గడప మీద, పిల్ల పక్కన కూలబడ్డాడు. దాని పాదం చేతిలోకి తీసుకుని, వేళ్ళ సందుల్లో ఇంకా వదలని నల్లటి జిడ్డుని తన చొక్కా అంచుతో తుడిచాడు. కర్వహాల్ పిలిచేదాకా లేవలేదు.

ఊరి సావిడి నిండిపోయింది. కర్వహాల్ చెమటలు కక్కుతూ, మర్యాదగానే మాట్లాడాడు. అరిచే మనిషి కాదు. ఆయన స్పానిష్‌లో ఒక ముక్క చెప్పడం, ఫౌస్తో దాన్ని ఊరి భాషలోకి తిప్పడం.

"జరిగినదానికి కంపెనీ బాధపడుతోంది. మాకు తెల్లారాకే తెలిసింది. తెలిసిన వెంటనే పంపులు ఆపాం. అయితే ఈ ఊరికి అంతకు ముందే కబురొచ్చిందని విన్నాం. ఆ కబురు చేసినవాడే గొట్టం కోసి ఉంటాడు. వాడెవడో చెప్పండి. మంచినీళ్ళ ట్యాంకూ, మందులూ రేపే దిగుతాయి."

బర్తోలో లేచాడు. అబ్దోన్‌కి దూరపు తమ్ముడు, నోరు పెద్దది, మనసూ పెద్దదే. "అయ్యా, మా పిల్లలు ముగ్గురూ రోజూ ఆ వేళకి ఏట్లోనే ఉంటారు. ఆ కబురు చేసిన మహానుభావుడెవడో నాకు తెలిస్తే మీకు చెప్పను. వాడి కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటాను! నువ్వు ఇది మాత్రం ఉన్నదున్నట్టు తర్జుమా చెయ్యి ఫౌస్తో."

సావిడంతా గొల్లున నవ్వింది. ఫౌస్తో, "తెలియదంటున్నాడు సార్," అని తేల్చేశాడు.

"ఇక మన ఇంటి దొంగ సంగతి," అని బర్తోలో ఇటు తిరిగాడు. "వినీసియో! ముందుకి రా. ఆ రాత్రి స్టేషన్లో ఉన్నావా, లేవా?"

వినీసియో వచ్చి మధ్యలో నిలబడ్డాడు. కంపెనీ చొక్కా వేసుకోలేదు, వాళ్ళ నాన్న పాత చొక్కా వేసుకొచ్చాడు. స్తంభం దగ్గర వాడి పెళ్ళాం, నిండు చూలాలు నెల్వ పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. వాడి తల్లి జోయిల కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఉన్నాను బాబాయ్."

"తెలిసిందా, లేదా?"

వినీసియో కర్వహాల్ వంక చూశాడు. ఫౌస్తో వంక చూశాడు. తల దించుకున్నాడు. "నేను చెప్పేదేమీ లేదు."

"చూశారా! దిగువ ఊళ్ళో పిల్లాణ్ణి మట్టి చేసొచ్చాం. ఆ తల్లి మట్టి పట్టుకుని వదల్లేదు. ఈయనగారికి చెప్పేదేమీ లేదట! ఎవడో దారిన పోయేవాడికున్న జాలి, మన రక్తంలో పుట్టినవాడికి లేకపోయింది. కంపెనీ ఉప్పు అంత తియ్యగా ఉందిరా నీకు?"

"ఉమ్మండి వాడి మొహాన!" అని ఒక ముసలమ్మ. "పడవ ఎక్కించండి!" అని ఇంకొకడు. కర్వహాల్‌కి ఈ గొడవ బాగానే ఉన్నట్టుంది. కుర్చీలో వెనక్కి వాలాడు.

దెల్ఫీన కుండ దగ్గర నిలబడి అంతా వింటోంది. ఆ తిట్లలో ప్రతి ఒక్కటీ తిరిగొచ్చి ఆవిడకే తగులుతోంది. తన మనవరాలి ప్రాణం వాడి భిక్ష. బర్తోలో ముగ్గురు పిల్లలూ వాడి భిక్ష. ఈ సావిడిలో ఎగురుతూ దూకుతూ ఉన్న ప్రతి పిల్లా వాడి చలవే. వాడేమో మేలు చేసిన చేతులు వెనక్కి కట్టుకుని తిట్లు తింటున్నాడు. ఒక్క మాట అంటే చాలు, ఈ ఊరు వాణ్ణి భుజాల మీద మోస్తుంది. ఆ ఒక్క మాటే అనడానికి లేదు.

"ఇక చేతులెత్తడమే," అన్నాడు అబ్దోన్. "దానికి ముందు గొంతులు తడపండి. ఎండిన నోటితో ఎవరి బతుకూ తేల్చకూడదు. దెల్ఫీనా, కానివ్వు."

అది ఆచారం. మొదటి గిన్నె అతిథికి. అంటే కర్వహాల్‌కి. తర్వాత ఊరిపెద్దకి, ఆ తర్వాత వయసు ప్రకారం. దెల్ఫీన గిన్నె ముంచింది. కర్వహాల్ మర్యాదకి నవ్వుతూ చెయ్యి చాపాడు.

ఆవిడ రెండడుగులు అటే వేసింది. మూడోది పడలేదు.

ఆ క్షణంలో ఏమనుకుందని అడిగితే ఆవిడే చెప్పలేదు. తెలివిగా పథకం వేసే మనిషి కాదు. నోటితో చెప్పనని మాటిచ్చింది, నోరు తెరవలేదు. కానీ చేతులకి వేరే లెక్క ఉన్నట్టుంది. వెనక్కి తిరిగి, లూస్మీల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గిన్నె దాని పెదాలకి ఆనించింది. పిల్ల ఒక గుక్క తాగింది. పైపెదవి మీద తెల్లటి నురగ మిగిలింది. దెల్ఫీన దాని చెవిలో ఏదో ఊది, గిన్నె దాని రెండు చేతుల్లో పెట్టి, భుజం పట్టుకుని నడిపించింది.

సావిడి మధ్యకి. వినీసియో ముందుకి.

అప్పటిదాకా తేనెపట్టులా హోరెత్తిన సావిడి చప్పున చల్లారింది. లూస్మీల ఎంగిలి గిన్నె పైకెత్తి పట్టుకుంది. వినీసియో దాన్ని చూశాడు, పెద్దమ్మని చూశాడు. "వద్దు" అన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు. దెల్ఫీన కళ్ళు ధారలుగా కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. గిన్నెని కాదనడం అంటే ఆ పిల్ల బతుకుని కాదనడమే. వాడు వంగి, రెండు చేతులా అందుకుని, అడుగు దాకా తాగాడు.

ఊరికి ఒక్క మాట అక్కర్లేకపోయింది.

జోయిల నోట్లోంచి కొంగు జారిపోయింది. ముసలమ్మ ఉమ్మబోయిన నోరు చేత్తో మూసుకుంది. బర్తోలో మొహం చూడాలి, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వాడికే తెలీదు. తడబడుతూ వినీసియో దాకా వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "ఒరే, కాళ్ళు ఇప్పుడే కడగమంటావా, చీకటి పడ్డాకా?" అని గొణిగాడు.  ఇన్నాళ్ళకి మొదటిసారి వినీసియో భుజాలు కిందికి దిగాయి. దెల్ఫీన గుండెలో బండ కరిగి నీరైంది. చెప్పేసింది! పేరెత్తకుండా, మాట తప్పకుండా, నలుగురి ముందూ చెప్పేసింది. మొన్న దుంపలిచ్చిన ఎగువ ఊరి తల్లులకీ, వానకీ, ఆచారం కనిపెట్టిన ఏ మొదటి ముసలమ్మకో, అందరికీ లోపల్లోపలే మొక్కింది.

అబ్దోన్ రెండుసార్లు దగ్గి, "చేతులెత్తాల్సిన పని లేదు. వినీసియో పేరు ఊళ్ళోనే ఉంటుంది. సభ అయిపోయింది," అన్నాడు. పెళ్ళాం వంక చూసిన చూపులో, నాకు కూడా చెప్పలేదు కదే అన్న ఉక్రోషం ఒక పాలు, గర్వం మూడు పాళ్ళు.

అక్కడే దెబ్బతిన్నారు. ఊరికి సంతోషం దాచుకోవడం చేతకాలేదు.

కర్వహాల్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని నిటారుగా కూర్చున్నాడు. భాష రాకపోతేనేం, కళ్ళున్నాయి. "ఫౌస్తో, ఇప్పటిదాకా ఆ కుర్రాణ్ణి చీల్చేద్దామని చూశారు. ఒక గిన్నె తాగగానే కౌగిలించుకుంటున్నారు. ఏం జరిగింది?"

ఫౌస్తో తల మీది టోపీ సర్దుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఈ ఏటి మీద తిరిగినవాడు. ఆ గిన్నె అర్థం అతనికి తెలీకపోవడమా! దెల్ఫీనకి ఆ సంగతి అప్పుడు తట్టింది.  ఊరి కళ్ళ ముందు మేలు చెప్పాననుకుంది, ఆ కళ్ళలో కంపెనీ కళ్ళు కూడా ఉన్నాయని మరిచిపోయింది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. మళ్ళీ కుండలో గిన్నె ముంచి, లూస్మీలకిచ్చి, జ్ఞానతండ్రి దగ్గరికి పంపింది.

"మీ బిడ్డ ప్రాణం కూడా అది, కొంపాద్రే," అంది ఊరి భాషలో. "మీరు కూడా ఎవరికో మేలు చెప్పుకోవాలేమో, ఆలోచించుకోండి."

ఫౌస్తో ఆ గిన్నె వంక చూశాడు. లూస్మీల పాదాల వంక చూశాడు.

"ఏమంటోంది ఆవిడ?" అన్నాడు కర్వహాల్.

"తాగమంటోంది సార్."

తాగాడు. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు. మూతి తుడుచుకుని, తల మీది కంపెనీ టోపీ తీసి కుర్చీలో పెట్టాడు. "సార్, మీరు వెతుకుతున్న మనిషి ఈ ఊరివాడు కాదు. వైర్‌లెస్‌లో కబురు చేసింది నేనే. గొట్టం ఎవరూ కోయలేదు, తుప్పు పట్టి పగిలింది. అది మీకూ తెలుసు."

స్పానిష్ వచ్చిన పదిమంది గుసగుసగా మిగతావాళ్ళకి చేరవేశారు. దెల్ఫీన చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఇంత మనిషిని పొద్దున్న చేప డబ్బాలతో ఎత్తిపొడిచింది తను! వినీసియో ముందుకి రాబోతే బర్తోలో వెనక నుంచి చొక్కా పట్టుకుని ఆపాడు.

కర్వహాల్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఒక్క క్షణం ఫౌస్తోని జాలిగా చూశాడు.

"ఆ రాత్రి నువ్వు కీతోలో, మా ఇంట్లో పడుకున్నావు ఫౌస్తో. మీటింగుకి వచ్చావు. పొద్దున్న మా ఆవిడే నీకు కాఫీ ఇచ్చింది. మరిచిపోయావా?"

 కర్వహాల్ ఫౌస్తోని దాటుకుని వచ్చాడు. దెల్ఫీనని దాటాడు. వినీసియో వంక చూడను కూడా చూడలేదు. ఖాళీ గిన్నె గుండెలకి హత్తుకుని నిలబడ్డ లూస్మీల ముందు, ప్యాంటు నలిగిపోతున్నా లెక్కచేయకుండా, గొంతుక్కూర్చున్నాడు. పిల్లకి బడిలో స్పానిష్ నేర్పుతారని ఆయనకి తెలుసు. ఇంటి దగ్గర ఆయనకీ మనవరాళ్ళున్నారేమో, అంత మెత్తగా అడిగాడు.

"నువ్వు చాలా మంచి పిల్లవి. చెప్పమ్మా, మొదటి గిన్నె ఆ అన్నకే ఎందుకిచ్చావు?"

 దీనికి మాట రాదులే, అనుకుంది దెల్ఫీన. ఇన్నాళ్ళుగా ఏ మాట తిరిగి రావాలని కనబడ్డ ప్రతి దేవుడికీ మొక్కిందో, ఆ మాట ఇప్పుడు రాకూడదని, ఈ ఒక్క పూటా రాకూడదని, అదే దేవుళ్ళకి మొక్కుకుంది.

లూస్మీల నాలుకతో పైపెదవి మీది నురగ తుడుచుకుంది. నాయనమ్మ వంక చూసింది. పొద్దున్నటి బెదురు చూపు కాదది, వెనకటి చూపే, నవ్వు దాచుకున్న చూపు.

"ఎందుకంటే," అంది లూస్మీల.